కాటా చీటీ నుంచి క్లౌడ్ ఈఆర్‌పీ దాకా

రాయచూరులో డిగ్రీ చేతికి రాగానే హైదరాబాద్ రైలెక్కి అమీర్‌పేటలో దిగే తెలుగు పిల్లలకు కొదవ లేదు. మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చూసి కంపెనీ లెక్కలు, కొనుగోళ్లు, స్టాకు ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌ఐసీఓ (లెక్కలు) అనో, ఎంఎం (సరుకు) అనో ఒక మాడ్యూల్‌లో చేరతారు. ఏ స్క్రీన్‌లో ఏ బటన్ నొక్కాలో కంఠతా పడతారు. తీరా ఇంటర్వ్యూలో "ఈ సాఫ్ట్‌వేర్ లేని కంపెనీలో మొదటి రోజు నుంచి దీన్ని ఎలా నిలబెడతారు?" అని అడిగితే తడబడతారు. క్లౌడ్ ఈఆర్‌పీ ఉద్యోగాల్లో అసలు పరీక్ష అక్కడే. స్క్రీన్లు మారుతూనే ఉంటాయి. అమలు చేసే పద్ధతి తెలిసినవాడికి ఆ మార్పులు పెద్ద ఇబ్బంది కావు.

ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎస్‌ఏపీ సంస్థ తన అమలు పద్ధతిని యాక్టివేట్ అంటుంది. 2015లో ఆ సంస్థ ఈఆర్‌పీ ఎస్/4హానా వచ్చిన కాలంలోనే ఇదీ వచ్చింది. అంతకుముందు కన్సల్టెంట్లు కంపెనీకి వెళ్లి, మీకేం కావాలని అడిగి, బ్లూప్రింట్ పేరుతో లావుపాటి పత్రం రాసి, దాని ప్రకారం సాఫ్ట్‌వేర్‌ను మలిచేవారు. ఇప్పుడు వరస తిరగబడింది. డిస్కవర్, ప్రిపేర్, ఎక్స్‌ప్లోర్, రియలైజ్, డిప్లాయ్, రన్ అనే ఆరు దశల్లో మూడోదానికి వచ్చేసరికే నడుస్తున్న వ్యవస్థను తెరపై చూపించి, మీ పని ఇందులో ఎక్కడ ఇముడుతుంది, ఎక్కడ ఇమడదు అని అడుగుతారు. దీన్నే ఫిట్-టు-స్టాండర్డ్ అంటారు. పబ్లిక్ క్లౌడ్‌లో ఒకే సాఫ్ట్‌వేర్‌ను ఎన్నో కంపెనీలు వాడుకుంటాయి, ఎస్/4హానాలో అయితే ఏడాదికి రెండుసార్లు కొత్త వెర్షన్ అందరికీ వస్తుంది. ఒక్కరి కోసం లోపలి కోడ్ తిరగరాస్తే ఆ మార్పు తర్వాతి వెర్షన్‌తో పొసగదు. కాబట్టి దాన్ని ముట్టుకోనివ్వరు.

మన రాయచూరు జిల్లాలోనే చూద్దాం. సింధనూరులో ఒక రైస్ మిల్లు ఉందనుకోండి. వడ్ల లారీ కాటా ఎక్కుతుంది. నిండు లారీ తూకం, ఖాళీ లారీ తూకం రాసి చీటీ ఇస్తారు. తేమ మీటరు పెట్టి చూసి తరుగు తీస్తారు. రేటు మాట్లాడేది 75 కిలోల బస్తాకు, స్టాకు రాసేది క్వింటాళ్లలో. సర్కారు కస్టమ్ మిల్లింగ్ లెక్కలో క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. తవుడు, ఊక కూడా అమ్ముడుపోతాయి.

ఫిట్-టు-స్టాండర్డ్ సమావేశంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా బల్ల మీదికి వస్తాయి. బస్తాను క్వింటాలుగా మార్చడం సెట్టింగులతో అయిపోతుంది. ఒక సరుకు ఆడిస్తే మూడు నాలుగు సరుకులు రావడానికీ వీలుంది. తేమను బట్టి తరుగు తీసే చోట కాస్త ఆలోచించాలి, బహుశా దాన్ని గ్యాప్‌గా రాసుకుని బయట చిన్న అదనపు పరిష్కారం కట్టాలి. మరి యజమాని నోటిమాట మీద రైతుకిచ్చిన అడ్వాన్సు సంగతి? సాఫ్ట్‌వేర్ వోచర్ అడుగుతుంది, ఆమోదం అడుగుతుంది. "మా నాన్నగారి కాలం నుంచీ ఇలాగే ఇస్తున్నామండీ" అంటాడాయన. అక్కడ మారాల్సింది మిల్లు అలవాటు. ఆయన్ను నొప్పించకుండా ఒప్పించేవాడే మంచి కన్సల్టెంట్. మిల్లు గుమస్తా ఇంట్లో పెరిగిన బీకాం అమ్మాయికి ఈ సంభాషణ కొత్త కాదు, నా దృష్టిలో అది ఒక సర్టిఫికెట్‌కు తక్కువ కూడా కాదు.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. మీ ఊరి వ్యవసాయ సహకార సంఘం దాకా వచ్చేసింది. దేశంలోని 63,000 ప్రాథమిక సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. అన్నింటికీ ఒకే జాతీయ సాఫ్ట్‌వేర్, క్లౌడ్ మీద. నడిపించేది నాబార్డ్. కర్ణాటక సంఘాలూ ఇందులో ఉన్నాయి.

ఇక్కడ చెమట పట్టించేది డేటా. ఏళ్ల తరబడి చేత్తో రాసిన లెడ్జర్లలో ఒకే సభ్యుడు ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట తండ్రి పేరుతో, ఇంకోచోట పొట్టి పేరుతో ఉంటాడు. అతని అప్పు, వడ్డీ, వాటాధనం ఒక్క ఖాతా కిందికి తేవాలి. ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కించాక ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా కుదరాలి. కుదరకపోతే గో-లైవ్ (కొత్త వ్యవస్థలో అసలు పని మొదలుపెట్టడం) మాటే ఎత్తకూడదు. అనుభవం లేని కుర్రాళ్లకు తలుపు తెరుచుకునేదీ ఈ చోటే: మాస్టర్ డేటా శుభ్రం చేయడం, టెస్టింగ్, సిబ్బందికి శిక్షణ, గో-లైవ్ తర్వాత కొన్ని వారాలు దగ్గరుండి చూసుకునే హైపర్‌కేర్. ఈ పనుల్లో భాషలూ అక్కరకొస్తాయి. తుంగభద్ర ఎడమ కాలువ కింద కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవారి క్యాంపుల్లో మాట తెలుగు, దఫ్తరు కన్నడ, పైనుంచి వచ్చే సర్క్యులర్ ఇంగ్లిష్. మూడూ తెలిసిన మనిషి విలువ అలాంటి చోట ఇట్టే తెలుస్తుంది.

నేర్చుకోవడానికి లక్షలు అక్కర్లేదు. యాక్టివేట్ పాఠాలు ఎస్‌ఏపీ లెర్నింగ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు కట్టాల్సింది పరీక్షకు. ముంబయికి చెందిన ఫ్రాప్పే తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని, తెలిసినవారి ఎరువుల దుకాణం లెక్కలను వారి అనుమతితో ఒక నెలపాటు అందులో నడిపి చూడండి. కామర్స్ పిల్లలు జీఎస్‌టీ, స్టాకు లెక్కలు గట్టి చేసుకోవాలి. ఇంజినీరింగ్ వాళ్లు ఇంటిగ్రేషన్ వైపు చూడొచ్చు. కాటా యంత్రం తూకాన్ని నేరుగా ఈఆర్‌పీలోకి పంపడం మంచి ప్రాజెక్టు అవుతుంది.

రెజ్యూమెలో దొంగ అనుభవం రాసిపెడతామనే దళారులు ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. మీరు ఎప్పుడు ఎక్కడ పనిచేశారో పీఎఫ్ ఖాతా చెప్పేస్తుంది, కంపెనీలు దాన్ని తిరగేస్తాయి. దాని బదులు ఆ ఎరువుల దుకాణం పని తీరును రెండు పేజీల్లో రాసి తీసుకెళ్లండి: సరుకు ఎలా వస్తుంది, అప్పు ఎలా రాస్తారు, స్టాండర్డ్‌లో ఏది ఇమిడింది, ఏది ఇమడలేదు, దానికి మీరేం చేశారు. ఇంటర్వ్యూ చేసేవారి ప్రశ్నలు మాడ్యూల్ వదిలి ఆ కాగితం మీదికి మళ్లుతాయి, అందులోని ప్రతి గీతకూ మీ దగ్గర జవాబుంటుంది.