బోల్టును ఎంత బిగించాలి?

సాయంకాలం వేళ అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు రోడ్డు మీద ఎప్పుడైనా వెళ్ళారా? 2018 సెప్టెంబరు నుంచి అక్కడ తలపైన మెట్రో రైళ్ళు కరెంటుతో పరుగెడుతున్నాయి. కింద మాత్రం బస్సులు, లారీలు, ఆటోలు ఆగుతూ, కదులుతూ ఉంటాయి. బండి ఆగినా ఇంజను ఆగదు. లోపల ఇంధనం మండుతూనే ఉంటుంది. ఆ మంటను లోపలే పట్టి ఉంచేవి కొన్ని బోల్టులు! వాటి సంగతి తెలుసుకుందాం.

పిస్టను పైకీ కిందికీ ఆడే గొట్టమే సిలిండరు. దాని మూత సిలిండరు హెడ్డు. హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య పల్చని గాస్కెట్ ఉంటుంది. ప్రెషర్ కుక్కరు మూతలోని రబ్బరు ఆవిరిని ఆపినట్లే, ఇది వేడి వాయువులను, నీటిని, నూనెను ఒకదానితో ఒకటి కలవనీయదు.

డీజిలు మండినప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి వంద రెట్లకు చేరగలదు. సిలిండరు వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకోండి. వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరుపై 100 కిలోల చొప్పున, మూతను పైకి నెట్టే బలం 7,800 కిలోల బరువుతో సమానం. అంటే దాదాపు రెండు పెద్ద ఏనుగుల బరువు!

మరి బోల్టులను శక్తి కొద్దీ బిగిస్తే సరిపోదా? సరిపోదు. బోల్టు ఒక గట్టి స్ప్రింగు వంటిది. బిగించేకొద్దీ అది వెంట్రుకవాసి సాగుతుంది. తిరిగి ముడుచుకోవాలని లాగే ఆ బలమే హెడ్డును అదిమి ఉంచుతుంది. సాగడం చాలకపోతే వాయువులు గాస్కెట్‌ను కాల్చుకుని బయటపడతాయి. మితిమీరితే బోల్టు తెగుతుంది, లేదా బ్లాకులోని మరలు చెడిపోతాయి.

సాగుదల కంటికి కనిపించదు. అందుకని పానాను తిప్పే ప్రభావాన్ని కొలుస్తారు. తలుపును బందుల దగ్గర ఒకసారి, అంచు దగ్గర ఒకసారి నెట్టి చూడండి. అంచు దగ్గర సులువుగా కదులుతుంది కదూ? బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదే బలభ్రామకం, అంటే టార్క్. 30 సెంటీమీటర్ల పానా చివర 200 న్యూటన్ల బలం పెడితే, 0.3 × 200 = 60 న్యూటన్-మీటర్లు. టార్క్ రెంచిలో ఒక రకం, కావలసిన అంకె రాగానే 'టిక్' మంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మనం తిప్పే శ్రమలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఘర్షణకే ఖర్చవుతాయి. మిగిలిన ఒక్క వంతే బోల్టును సాగదీస్తుంది. మరలకు తుప్పు పట్టి ఉంటే, 'టిక్' మన్నా బోల్టు తగినంత సాగదు. నూనె రాస్తే అదే అంకెకు ఎక్కువ సాగుతుంది. ఎంత అనుభవం ఉన్న చేతికైనా తెలిసేది ఎక్కువగా ఘర్షణే! కాబట్టి మరలను శుభ్రం చేసి, ఆ ఇంజను పుస్తకంలో చెప్పినట్లే నూనె రాయాలి.

వరుస కూడా ముఖ్యమే. నోటుపుస్తకానికి లేబులు అంటించేటప్పుడు మధ్య నుంచి అంచులకు అదుముతారు, ముడతలు పడకుండా. హెడ్డు బోల్టులనూ సాధారణంగా అలాగే, 20, 40, 60 అంటూ విడతలుగా బిగిస్తారు. లేకుంటే హెడ్డు వంకరపోవచ్చు. అప్పుడు నీరు సిలిండరులోకి చేరి తెల్లని పొగ వస్తుంది. నూనెలో కలిస్తే అది మజ్జిగలా మారుతుంది. బండి నడిరోడ్డున నిలిచిపోతుంది.

ఇప్పుడు మీకొక లెక్క: పానా పొడవు 60 సెంటీమీటర్లయితే, అదే 60 న్యూటన్-మీటర్లకు ఎంత బలం కావాలి?