వెల్లస్లీల బిరుదులు ఎవరికి పోయాయి? తరచూ అడిగే ప్రశ్నలు

సైన్య సహకార పద్ధతిని ప్రవేశపెట్టిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా బడి దాటిన తెలుగువాళ్లు తక్కువ. రిచర్డ్ వెల్లస్లీ అని రాసి మార్కులు వేయించుకున్నాక అతన్ని మర్చిపోతాం. 1800 అక్టోబరు ఒప్పందంతో నిజాం దగ్గర బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం రాయించుకున్నది ఇతనే. దత్త మండలాలు అలా పుట్టాయి. అంత సీమను రాయించుకున్న మనిషి తన బిరుదును కన్నకొడుక్కి రాయలేకపోయాడు. ఎందుకో తెలియాలంటే ఆ కుటుంబం బిరుదుల లెక్కలోకి వెళ్లాలి.

వీళ్లు ఐరిష్‌వాళ్లా, ఇంగ్లీషువాళ్లా?

రెండూను. ఇంగ్లండు నుంచి వచ్చి ఐర్లండులో భూములు సంపాదించి, ప్రొటెస్టెంట్లుగా ఉంటూ, కేథలిక్ రైతుల మీద పెత్తనం చేసిన వర్గాన్ని ఆంగ్లో-ఐరిష్ అంటారు. వీళ్ల అసలు ఇంటి పేరు వెల్లస్లీ కాదు, కోలీ. 1728లో రిచర్డ్ కోలీకి వెస్లీ అనే బంధువు ఆస్తి కలిసొచ్చింది. మీత్ జిల్లాలోని డాంగన్ ఎస్టేటుతో పాటు ఆ ఇంటి పేరునూ తీసుకున్నాడు. 1746లో మోర్నింగ్టన్ బారన్ అయ్యాడు. అతని కొడుకు గారెట్ సంగీతంలో దిట్ట, డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి మొదటి సంగీతాచార్యుడు. 1760లో అతనికి ఎర్ల్ హోదా వచ్చింది. ‘వెస్లీ’ని మళ్లీ పాత పద్ధతిలో ‘వెల్లస్లీ’గా మార్చింది గారెట్ పెద్దకొడుకు, మన గవర్నర్ జనరల్ రిచర్డ్. వాటర్లూ వీరుడు ఆర్థర్ అతని తమ్ముడే.

ఐరిష్ బిరుదుకూ బ్రిటిష్ బిరుదుకూ తేడా ఉందా?

చాలా ఉంది. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత, 1799 చివర్లో రిచర్డ్‌కు మార్క్విస్ హోదా ఇచ్చారు. డ్యూక్ తర్వాతి మెట్టు అదే. అయినా అతను సంబరపడలేదు, మంచం పట్టినంత పని చేశాడు. కారణం, అది ఐర్లండు జాబితాలోని బిరుదు. రెండుసార్లు బంగారు పూత పూసిన బంగాళాదుంపను చేతిలో పెట్టారని ఉత్తరాల్లో వాపోయాడు.

అతని ఏడుపులో అర్థం లేకపోలేదు. అప్పట్లో ఇంగ్లండు బిరుదు ఉన్నవాడికి లండన్ ప్రభువుల సభలో కుర్చీ ఖాయంగా ఉండేది. ఐరిష్ బిరుదుకు ఆ భాగ్యం ఉండేది కాదు. 1801లో ఐర్లండును బ్రిటన్‌లో కలిపేశాక ఐరిష్ ప్రభువులంతా తమలో 28 మందిని జీవితకాలానికి ఎన్నుకుని ఆ సభకు పంపేవారు. ఆ 28లో లేనివాళ్లు బ్రిటన్‌లోని ఏదో ఒక నియోజకవర్గం నుంచి కామన్స్ సభకు పోటీ చేయగలిగేవారు. కొందరికి ఇదే లాభం. 1898లో భారత వైస్రాయిగా వస్తున్న కర్జన్‌కు బారన్ హోదాను ఐర్లండు జాబితాలోనే ఇచ్చారు. తిరిగి వెళ్లాక కామన్స్ తలుపు మూసుకుపోకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. ఐరిష్ జాబితాలో కొత్తగా చేర్చిన చివరి బిరుదు అదే.

రిచర్డ్‌కు 1797లోనే చిన్నదైనా ఒక బ్రిటిష్ బారన్ బిరుదు ఉంది కాబట్టి సభలో కుర్చీకి లోటు రాలేదు. పోయిందల్లా పరువే.

బిరుదు ఎవరికి వెళ్తుందో ఎవరు నిర్ణయిస్తారు?

బిరుదుతో పాటు రాజు ఇచ్చే సన్నదు నిర్ణయిస్తుంది. అందులో సాధారణంగా ఉండే మాట ఒకటే: ఫలానా వ్యక్తికి చట్టబద్ధంగా పుట్టిన మగ సంతతికి. వీలునామా రాసి మేనల్లుడికి ఇస్తానంటే కుదరదు. దత్తపుత్రుడికి చెల్లదు. అన్నదమ్ములు పంచుకోవడం అసలే లేదు. ఒక్కడికే, పెద్దవాడికే.

మరి రిచర్డ్‌కు కొడుకులు లేరా?

ఉన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఫ్రెంచి వనిత హయసింత్ గాబ్రియెల్ రోలాండ్‌తో అతను ఏళ్ల తరబడి కాపురం చేశాడు. ఐదుగురు పిల్లలు పుట్టాక, 1794లో ఆమెను పెళ్లాడాడు. పెళ్లి తర్వాత మళ్లీ సంతానం లేదు. ముందు పుట్టినవాళ్లకు తండ్రి ప్రేమ ఉంది, ఇంటి పేరు ఉంది, వారసత్వం మాత్రం లేదు. 1825లో అమెరికన్ వితంతువును రెండో పెళ్లి చేసుకున్నా పిల్లలు కలగలేదు. 1842లో అతను కన్నుమూయగానే మార్క్విస్ బిరుదు అంతరించిపోయింది.

తల్లిదండ్రులు తర్వాత పెళ్లి చేసుకుంటే బిడ్డలు చట్టబద్ధులవుతారని ఇంగ్లండులో 1926లో చట్టం వచ్చింది. బిరుదుల వారసత్వాన్ని అందులో చేర్చలేదు. అంటే రిచర్డ్ ఇవాళ ఉన్నా కథ మారేది కాదు. నా దృష్టిలో ఇది అన్యాయమే, కానీ చట్టం అలాగే ఉంది. విచిత్రం ఏమిటంటే, ఆ ఐదుగురిలో ఒకతె అయిన ఆన్ మనవరాలికి పుట్టిన కూతురే ఎలిజబెత్ రాణి తల్లి. ప్రస్తుత రాజు చార్లెస్ ఒంట్లో కూడా ఆ రక్తమే ఉంది. ఎర్ల్ బిరుదుకు పనికిరాని వంశం సింహాసనానికి అడ్డు కాలేదు.

మోర్నింగ్టన్ ఎర్ల్ బిరుదు కూడా పోయిందా?

పోలేదు. మార్క్విస్ సన్నదు రిచర్డ్ పేరు మీద ఉంది, ఎర్ల్ సన్నదు తండ్రి గారెట్ పేరు మీద ఉంది. కాబట్టి గారెట్ మగ సంతతిలో తర్వాతివాడైన విలియమ్‌కు అది దక్కింది. విలియమ్ కొడుకు, నాలుగో ఎర్ల్, దుబారాలో పేరు మోసినవాడు. ఇంగ్లండులో గొప్ప వారసురాళ్లలో ఒకరైన కాథరిన్ టిల్నీ-లాంగ్‌ను పెళ్లాడి, ఆమె ఆస్తిని కరిగించాడు. వాన్‌స్టెడ్ హౌస్ అనే రాజభవనాన్ని అప్పుల కోసం కూలగొట్టి సామాను అమ్ముకునే దాకా వచ్చింది. భార్య చనిపోయాక పిల్లల్ని తనకు అప్పగించమని కోర్టుకెక్కితే, నీ నడవడి బాగాలేదని న్యాయస్థానం కాదంది. పిల్లల్ని దక్కనివ్వని చట్టం ఎర్ల్ బిరుదును మాత్రం అతని నుంచి తీయలేకపోయింది. నడవడికీ బిరుదుకూ సంబంధం లేదు మరి. అతని కొడుకు పెళ్లి కాకుండానే 1863లో చనిపోవడంతో ఆ బిరుదు ఆర్థర్ కొడుకైన రెండో వెల్లింగ్టన్ డ్యూక్‌కు చేరింది.

ఆడపిల్లలకు హక్కు లేదా?

వెల్లింగ్టన్ డ్యూక్ బిరుదుకు లేదు. సింహాసనం విషయంలో ఆడ, మగ తేడాను 2013 చట్టంతో తీసేశారు కానీ ప్రభువుల బిరుదుల జోలికి పోలేదు. అయితే ఇదే ఇంట్లో ఒక తమాషా జరిగింది. నెపోలియన్ మీద యుద్ధాల్లో గెలిచిన ఆర్థర్‌కు స్పెయిన్ కూడా ఒక డ్యూక్ బిరుదు ఇచ్చింది, సియుదాద్ రోద్రిగో. 1943లో ఆరో డ్యూక్ ఇటలీలోని సలెర్నో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. పెళ్లి కాలేదు. వెల్లింగ్టన్ బిరుదు చిన్నాన్నకు వెళ్లింది. స్పెయిన్ చట్టం ప్రకారం స్పానిష్ బిరుదు మాత్రం అక్క లేడీ ఆన్‌కు దక్కింది. 1949లో ఆమె దాన్ని చిన్నాన్నకు వదిలేశాక మళ్లీ రెండూ ఒకచోట చేరాయి.

ఆస్తి కూడా బిరుదుతో పాటే వస్తుందా?

ఆస్తికి వేరే పత్రాలుంటాయి. డాంగన్‌ను రిచర్డ్ 1793లోనే అమ్మేశాడు. ఇప్పుడక్కడ మొండిగోడలే. హాంప్‌షైర్‌లోని స్ట్రాట్‌ఫీల్డ్ సే ఎస్టేటు మాత్రం బిరుదుతో ముడిపడింది. దానికి ఏటా కట్టాల్సిన కౌలు, పట్టుతో కుట్టిన ఒక చిన్న ఫ్రెంచి జెండా. వాటర్లూ విజయం రోజైన జూన్ 18 మధ్యాహ్నం లోపు విండ్సర్ కోటలో రాజుకు అందాలి. లండన్‌లోని ఆప్స్‌లీ హౌస్‌ను 1947లో దేశానికి ఇచ్చేశారు. డ్యూక్ ఉన్నంతకాలం అందులో ఒక భాగంలో కాపురముండే హక్కు కుటుంబానిది.

డ్యూక్ బతికుండగానే కొడుకును బిరుదుతో పిలుస్తారెందుకు?

మర్యాదకు. తండ్రికున్న చిన్న బిరుదుల్లో ఒకటి అరువిస్తారు. పెద్దకొడుకు డూరో మార్క్విస్. అతని పెద్దకొడుకు మోర్నింగ్టన్ ఎర్ల్. దీనికి చట్టపరంగా ఏ అధికారమూ లేదు.

ఇప్పటికీ ప్రభువుల సభలో కూర్చుంటారా? బిరుదు వద్దంటే?

1999 చట్టం వంశపారంపర్య సభ్యులను తీసేసి 92 మందిని మిగిల్చింది. ప్రస్తుత తొమ్మిదో డ్యూక్ 2015లో ఆ కోటాలో ఉప ఎన్నిక గెలిచి వెళ్లాడు. దాన్నీ ఎత్తేయడానికి 2024లో బిల్లు పెట్టారు.

వద్దనుకుంటే 1963 చట్టం ప్రకారం, బిరుదు సంక్రమించిన ఏడాది లోపు వదులుకోవచ్చు. ఐరిష్ బిరుదులకు ఆ చట్టం వర్తించదు. అంటే కాబోయే డ్యూక్ ఎవరైనా వెల్లింగ్టన్ వద్దనగలడు, మోర్నింగ్టన్ వద్దనలేడు.

డబ్బు కడితే ‘లార్డ్’ కావచ్చా?

కాలేరు. బ్రిటన్‌లో బిరుదుల బేరం 1925 చట్టం ప్రకారం నేరం. ఐర్లండు గణతంత్రం తన రాజ్యాంగంలోనే బిరుదులు ఇవ్వనని రాసుకుంది. భారత పౌరుడు విదేశీ రాజ్యం నుంచి ఏ బిరుదూ తీసుకోకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణ చెబుతుంది. కాబట్టి అడుగు చోటు కొంటే లార్డ్, లేడీ అయిపోతారంటూ సర్టిఫికెట్ అమ్మేవాళ్లు కనిపిస్తే, అది గోడకు తగిలించుకునే కాగితం మాత్రమేనని గుర్తుంచుకోండి. పాస్‌పోర్టు ఫారంలో ఆ పేరు రాయకండి.