గేమ్ సంగీతంలో కొలువు: ఇంపోర్ట్ దగ్గర తడబడితే ఎలా?

2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో వినిపించే గొంతు నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యది. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే పురస్కారం దక్కింది. గద్వాల ప్రాంతమైన నడిగడ్డ చుట్టుపక్కల వాద్యాలకు కొదవ లేదు. కానీ సినిమా పాట ఒకచోట మొదలై ఒకచోట ముగుస్తుంది. వీడియో గేమ్‌లో అలా కుదరదు. ఆటగాడు కృష్ణ ఒడ్డున ఉన్న బీచుపల్లి ఘాట్ మెట్ల మీద అరగంట కూర్చున్నా కిన్నెర ఆగకూడదు. లేచి ఆంజనేయస్వామి గుడి వైపు నడిస్తే దానికి డప్పు కలవాలి. కృష్ణలో నీళ్లు పెరిగితే రెండూ తప్పుకుని ఇంకో రాగం అందుకోవాలి. అదీ తాళం తప్పకుండా.

ఇలా ఆటను బట్టి మారే సంగీతం కొత్తదేమీ కాదు. లూకాస్ఆర్ట్స్ సంస్థలో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ తయారుచేసిన ఐమ్యూజ్ అనే పద్ధతి 1991లోనే ‘మంకీ ఐలాండ్ 2’ గేమ్‌లో పనిచేసింది. ఇప్పుడు ఆ పనికి స్టూడియోలు ఎక్కువగా వాడేవి రెండు: ఆడియోకైనెటిక్ వారి వైజ్, ఫైర్‌లైట్ వారి ఎఫ్‌మాడ్ స్టూడియో. ట్యూన్ కట్టేది రీపర్‌లోనో క్యూబేస్‌లోనో ఎఫ్‌ఎల్ స్టూడియోలోనో. దాన్ని ఆటకు కలిపేది వైజ్‌లోనో ఎఫ్‌మాడ్‌లోనో. ఈ రెండు పనుల నడుమ ఉన్న ఉద్యోగాన్ని టెక్నికల్ సౌండ్ డిజైనర్ అనో ఆడియో ఇంప్లిమెంటర్ అనో పిలుస్తారు. ట్యూన్ కట్టేవాళ్లు చాలామంది దొరుకుతారు. ట్యూన్ ఇంపోర్ట్ చేశాక ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో పట్టుకోగలిగినవాళ్లు తక్కువ. కాబట్టి ఈ రంగంలోకి రావాలనుకునేవారు ముందు ఆ చెడే చోట్లను చేత్తో తడిమి తెలుసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఫైళ్లు దొరక్కపోవడం. ప్రాజెక్టు ఫైలులో పాట ఉండదు, పాట ఎక్కడుందో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయి. ఇంట్లో ‘డి’ డ్రైవ్‌లో ఉన్న డప్పు, కాలేజీ కంప్యూటర్‌లో ఎర్ర అక్షరాలతో ‘మిస్సింగ్’ అని చూపిస్తుంది. రీపర్‌లో ‘సేవ్ యాజ్’ కొట్టేటప్పుడు మీడియా మొత్తాన్ని ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసే టిక్కు పెట్టండి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో జిప్‌డ్ లూప్ ప్యాకేజ్‌గా, క్యూబేస్‌లో బ్యాకప్ ప్రాజెక్ట్‌గా తీసుకోండి. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టాలని నాకూ ఉంటుంది. అయినా పాత టూల్స్ వాటిని చదవలేక మొరాయిస్తాయి కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తో సరిపెట్టుకోండి. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెడుతూ పోతే విండోస్ మామూలుగా అనుమతించే 260 అక్షరాల దారి దాటిపోతుంది. అప్పుడు ఫైలు కళ్ల ముందున్నా తెరుచుకోదు.

ప్లగిన్‌ల సంగతీ అంతే. ఒక సాఫ్ట్‌వేర్‌ నుంచి ఇంకోదానికి ఏఏఎఫ్ ఫైలుగా పంపితే క్లిప్పులు ఎక్కడున్నాయనే వివరం వెళ్తుంది, మీరు వాడిన సింథు, రివర్బు వెళ్లవు. అందుకే వాద్యాల వారీగా స్టెమ్స్‌ తీసి పంపడం మేలు. అన్ని స్టెమ్స్‌నూ ఒకే బార్ నుంచి మొదలుపెట్టండి. మాస్టర్ మీద లిమిటర్ ఉంటే ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఆపేయండి. లేకపోతే ఒక్కో స్టెమ్ విడివిడిగా ఆ లిమిటర్‌లో నలిగి వస్తుంది, మళ్లీ కలిపితే మీరు విన్న మిక్స్ రాదు.

స్టెమ్స్ వేవ్ ఫైళ్లుగానే ఇవ్వండి. ఎంపీ3 సంగీతాన్ని 1152 శాంపిళ్ల ముక్కలుగా కోస్తుంది, మొదట్లోనూ చివరా కాస్త నిశ్శబ్దం కలుపుతుంది. పాట వినేటప్పుడు అది తెలియదు, లూప్ తిరిగినప్పుడు తెలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌ను వేవ్‌గా మార్చినా పోయిన నాదం తిరిగి రాదు. రికార్డింగ్‌ను డాక్యుమెంట్‌గా పంపించమనండి.

పాట వేగం పెరిగి, శ్రుతి కూడా ఎక్కినట్లు వినిపిస్తే ముందు శాంపిల్ రేటు చూడండి. సాధారణంగా సాఫ్ట్‌వేర్ తానే సర్దుకుంటుంది. ఫైలు హెడర్ తప్పినా, ఆడియో ఇంటర్‌ఫేస్ వేరే రేటులో ఉన్నా 44,100లో తీసిన 16 సెకన్ల ముక్క 48,000లో 14.7 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. ఈ రెండు గుర్తులూ కలిసి కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

మిడి ఫైలు పంపినవారిది ఇంకో తంటా. వైజ్‌లో మిడి ఇంపోర్ట్ అవుతుంది, కానీ దాన్ని వినిపించే శబ్దాన్ని మనం జతచేయకపోతే నోరు విప్పదు. గమకం ఉంటే ఇంకా చిక్కు. మిడిలో జారు పిచ్ బెండ్ అంకెలుగా, 0 నుంచి 16,383 దాకా వెళ్తుంది. ఆ అంకె ఎన్ని స్వరస్థానాలకు సమానమో వాద్యం సెట్టింగు చెప్పాలి. మీరు 12 సెమీటోన్లకు పెట్టుకుని వాయించి, అవతలి వాద్యం మామూలుగా ఉండే 2 దగ్గరే ఉందనుకోండి. షడ్జమం నుంచి పంచమం దాకా లాగిన జారు శుద్ధ రిషభం దాటగానే ఆగిపోతుంది. వాయించినవారి తప్పేమో అనుకుని మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లున్నారు!

అసలు పని పడేది టెంపో దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో 97 బీపీఎం అని కొట్టారు, వాయించినది 97.3. నాలుగు దెబ్బల లెక్కన 8 బార్లకు సాఫ్ట్‌వేర్ గడిలో (గ్రిడ్‌లో) 19.79 సెకన్లు రావాలి, పాట మాత్రం 19.73కే అయిపోతుంది. తేడా 0.06 సెకను. ఒకసారి వింటే ఏమీ అనిపించదు. ప్రతి చుట్టుకూ అదే చోట చిన్నగా కాలు తడబడుతుంది, పది చుట్లకు చిరాకు పుడుతుంది. కిన్నెర, బుర్రవీణ లాంటివాటికి ఇంతకంటే పెద్ద సమస్య. వాటితో కథ చెప్పేవారు మెట్రోనోమ్ క్లిక్ పెట్టుకుని వాయించరు. కథ ఉద్వేగంలో పడితే వేగం పెరుగుతుంది, మాట పడినచోట ఆగుతుంది. వైజ్‌లో ఒక మ్యూజిక్ సెగ్మెంట్‌కు ఒకే టెంపో. ఎఫ్‌మాడ్ టైమ్‌లైన్ మీద టెంపో మార్కర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు.

చాలామంది చేసేది ఏమిటంటే, ప్రతి దెబ్బనూ పట్టుకుని సాగదీసి గడికి అతికించడం. నాకది నచ్చదు, కథకుడి ఊపిరంతా పోతుంది. గడిని వదిలేసి, పదం ముగిసే చోట్ల వైజ్‌లో కస్టమ్ క్యూలు (మనం పెట్టుకునే గుర్తులు) పెట్టి, ‘నెక్స్ట్ కస్టమ్ క్యూ’ దగ్గర మారమని చెప్పడం మేలు. మీటిన తీగ నాదం సెగ్మెంట్ ముగింపు గుర్తైన ఎగ్జిట్ క్యూ తర్వాతా కాసేపు మోగాలి, కాబట్టి రికార్డింగ్‌ను అక్కడే కత్తిరించొద్దు. డప్పును మాత్రం కచ్చితమైన టెంపోలో విడిగా తీసుకుంటే తర్వాతి సన్నివేశం గడికి దొరుకుతుంది.

వెర్షన్ల గురించి ఒక్క మాట. కొత్త వెర్షన్‌లోకి మారిన వైజ్ ప్రాజెక్టు పాతదాంట్లో తెరుచుకోదు. అప్‌గ్రేడ్ నొక్కే ముందు ఫోల్డర్ నకలు తీసి పక్కన పెట్టండి.

ఇక చదువు. గద్వాల ఎంఏఎల్‌డీ కాలేజీలో డిగ్రీ చేస్తున్నా, వనపర్తి కేడీఆర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేస్తున్నా మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ కావాలి. లక్షలు కట్టించుకునే కోర్సులో చేరే ముందు ఉచితంగా దొరికేది వాడుకోండి. రీపర్‌కు 60 రోజుల ట్రయల్ ఉంది. వైజ్, ఎఫ్‌మాడ్ నేర్చుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. వైజ్-201 అనే ఇంటరాక్టివ్ మ్యూజిక్ కోర్సు పాఠాలూ ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. 2022లో వచ్చిన రీవైజ్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ రీపర్ నుంచి నేరుగా వైజ్‌లోకి ఫైళ్లను చేరుస్తుంది. ఇందాక చెప్పిన తలనొప్పుల్లో కొన్ని దానితో తప్పుతాయి.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ స్టూడియోలున్నాయి. వాటిలో ఆడియో కొలువులు ఇబ్బడిముబ్బడిగా ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చిన్న స్టూడియోలకు ఫ్రీలాన్స్‌గా చేయడం, టెస్టింగ్ వైపు నుంచి లోపలికి వెళ్లడం ఎక్కువమందికి వీలయ్యే దారి. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ 2020లో మన పురాణాల నేపథ్యంతో తెచ్చిన ‘రాజీ’ గేమ్‌కు సంగీతం కూర్చింది గ్రీకు దేశస్థుడు లినోస్ జెలోస్. దీన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఇక్కడి వాద్యం తెలిసి, సాఫ్ట్‌వేరూ తెలిసినవారికి ఎంత చోటు ఉందో గమనించమంటున్నాను.

పోర్ట్‌ఫోలియోగా అయిదు పాటలు పంపకండి. బీచుపల్లి ఘాట్ లాంటి ఒక్క సన్నివేశాన్ని పైన చెప్పినట్లు మూడు పొరల్లో కట్టి, రెండు నిమిషాల వీడియో తీయండి. దానితోపాటు ఒక పేజీ లాగ్ పెట్టండి. ‘లక్షణం: లూప్ చివర తడబాటు. అనుమానం: ఎంపీ3. పరీక్ష: వేవ్‌తో మార్చి చూశాను, పోలేదు. కారణం: టెంపో 97 కాదు, 97.3. సవరణ: సెగ్మెంట్ టెంపో మార్చాను’ అన్నంత క్లుప్తంగా చాలు. మొదటి అనుమానం తప్పయితే దాన్నీ రాయండి, చెరిపేయొద్దు. ఇంటర్వ్యూ చేసేవారు మీరు ఎలా ఆలోచించారో చూస్తారు. కిన్నెర వాయించిన కళాకారుడికి ముందే సంగతి చెప్పి, డబ్బిచ్చి, గేమ్‌లో వాడుకోవడానికి ఒప్పుకున్నట్లు కాగితం రాయించుకోండి. రేపు స్టూడియో ఆ శబ్దాన్ని కొనాలనుకుంటే మొదట అడిగేది ఆ కాగితమే.