పరిచితమైన పనిముట్టును మార్చుట ప్రయోజనకరమా?

క్రొత్త వస్తువును కనిపెట్టినవానిని లోకము కొనియాడును. చిరకాలముగా వాడుకలో నున్న వస్తువునే మార్చి తెచ్చినవానిని మాత్రము “పాతది బాగుగనే యున్నదిగదా! దీనితో నేమి పని?” యని యడుగును. మన యాజ్ఞలను కంప్యూటరునకు తెలుపు మౌసు, కీబోర్డు అను రెండు పనిముట్ల విషయమున నీ ప్రశ్న పలుమాఱు పుట్టినది. వాని చరిత్రము నించుక విచారింతము.

1964వ సంవత్సరమున అమెరికా దేశమందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను శాస్త్రజ్ఞుని యూహ ననుసరించి బిల్ ఇంగ్లిష్ అను నింజనీరు మొదటి మౌసును నిర్మించెను. అది యొక చిన్న కొయ్యపెట్టె. దాని యడుగున రెండు చక్రము లుండెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ దానిని సభాముఖమున ప్రదర్శించెను. తరువాత చక్రములకు బదులు దొర్లెడి గుండు వచ్చెను. ఆ గుండు బల్లమీది దుమ్మును లోనికి చేర్చుటచే తెరపై బాణపుగుర్తు సరిగా కదలకుండెడిది. మాటిమాటికి గుండును తీసి తుడువవలసి వచ్చెడిది. పిదప వెలుతురు సాయమున కదలికను గుర్తించు మౌసు వ్యాపించి యా బాధను తొలగించెను. లోపలి యంత్రమంతయు మాఱినను, వాడువాని చేయి క్రొత్తగా నేర్వవలసిన దేమియు లేకపోయెను. కావుననే యీ మార్పును లోకము స్వీకరించెను.

కీబోర్డు కథ వేఱు. క్రిస్టఫర్ షోల్స్ రూపొందించి, 1874లో విక్రయమునకు వచ్చిన టైపురైటరుమీది యక్షరక్రమమే స్వల్పభేదములతో నేటి ఆంగ్ల కీబోర్డుమీద నున్నది. 1936లో ఆగస్ట్ డ్వోరాక్ అను ఆచార్యుడు తన సహచరునితో గూడి వేఱొక క్రమమునకు పేటెంటు పొందెను. అందు ఆంగ్లమున తఱచుగా వచ్చు అక్షరములు వ్రేళ్లు నిలుచు నడిమి వరుసలో నుండును. కావున వ్రేళ్ల కదలిక తగ్గును. యుక్తికి ఇది మేలైనదిగానే తోచును. అయినను 1956లో అమెరికా ప్రభుత్వము జరిపించిన పరీక్షలో, పాత క్రమమున ఆఱితేఱినవారికి క్రొత్తది నేర్పుట శ్రమకు తగిన లాభము నీయదని తేలెను. ఆ పరీక్షపై వాదోపవాదములు జరిగినను, లోకము పాత క్రమమును విడువలేదు.

ఈ రెండు కథలవలన మనకొక తూనిక లభించుచున్నది. మార్పు నిజమైన యొక బాధను తీర్చునా? తీర్చినచో, ఆ లాభము క్రొత్తగా నేర్చుటకగు శ్రమను మించునా? ఈ రెంటికిని అవునని చెప్పగల మార్పే ప్రయోజనకరము. కేవలము ఆకారము వంచి, రంగుదీపములు పొదిగి, వెల హెచ్చించుట అలంకారమగును గాని యుపకారము కానేరదు.

ఈ తూనికను మన భాషకును ఉపయోగింపవచ్చును. భారతీయ భాషలకొఱకు 1986లో భారత ప్రభుత్వము ఇన్‌స్క్రిప్టు అను మీటల క్రమమును ప్రమాణముగా నేర్పఱచెను. అందు అచ్చులు ఎడమచేతి వైపునను, హల్లులు ముఖ్యముగా కుడిచేతి వైపునను ఉండును. క, ఖ లకు ఒకే మీట. షిఫ్టు మీటతో గూర్చి నొక్కిన ఖకారము వచ్చును. తెలుగున కకారమున్న మీటయందే హిందీ, కన్నడ కకారములును ఉండును. అయినను అనేకులు ఆంగ్లాక్షరములతోనే తెలుగు పలుకులను కూర్చుచున్నారు. అలవాటుపడిన చేతికి అదియే సులభము, వారిని నిందింపరాదు.

కాని విద్యార్థులారా, మీలో చాలమంది చేతులింకను ఏ క్రమమునకును కట్టుబడలేదు. పెద్దలకు బరువైన శ్రమ మీకు తేలిక. ఏలయన మీరు మఱచి నేర్వవలసిన దేమియు లేదు. ఒకే మార్పు అలవాటుపడినవానికి వ్యర్థమును, క్రొత్తగా నేర్చువానికి మేలును కావచ్చును. కావున “ఇది క్రొత్తదా?” యని గాక, “ఇది ఎవరికి, ఏ శ్రమను తగ్గించును?” అని యడుగుట నేర్చుకొనుడు.