లారీల పేర్లు – తరాల గుర్తులు

పదాలకు అర్థం ఏర్పడే తీరునుబట్టి మన శాస్త్రకారులు వాటిని రూఢాలు, యౌగికాలు, యోగరూఢాలు అని విభజించారు. అవయవాల అర్థంతో పనిలేకుండా వాడుకవల్ల నిలిచినది రూఢం. అవయవాల అర్థమే పదార్థమైతే యౌగికం. పాచకుడు అంటే వండేవాడు. బురదలో పుట్టేవి ఎన్ని ఉన్నా పంకజం అన్నప్పుడు తామరనే గ్రహిస్తాం కనుక అది యోగరూఢం. ఈ విభాగమంతా కావ్యభాషకు సంబంధించినదని విద్యార్థులు భావిస్తుంటారు. విజయవాడలోని జవహర్ ఆటోనగర్‌లో ఒక గంటసేపు నిలబడి అక్కడి మాటలు వింటే ఈ మూడూ సజీవంగా వినిపిస్తాయి.

మొదట సంఖ్యల సంగతి చూద్దాం. పాత టాటా లారీలను డ్రైవర్లు ‘ట్వెల్వ్ టెన్’, ‘సిక్స్‌టీన్ ట్వెల్వ్’ అని పిలిచేవారు. 1210లో మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువును టన్నులలో చెబుతాయి. చివరి రెండంకెలను పదితో హెచ్చిస్తే ఇంజను అశ్వసామర్థ్యం ఇంచుమించుగా తెలుస్తుంది. అంటే పన్నెండు టన్నులు, నూరు అశ్వాలు. ఇది స్వచ్ఛమైన యౌగికం. మన శాసనాలలో కన్ను అంటే రెండు, వేదం అంటే నాలుగు, బాణం అంటే అయిదు అని మాటలతో అంకెలను సూచించి శకసంవత్సరాలను చెప్పారు. అక్కడ పేర్లు సంఖ్యలైతే ఇక్కడ సంఖ్యలే పేర్లైనాయి. శాసనాల అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి. లారీ అంకెలకు ఆ చిక్కు లేదు.

ఈ సంఖ్యలు కాలాన్ని కూడా చెబుతాయి. పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నులకు మించరాదన్న నిబంధన ఉన్న రోజులలో 2515, 2518 వంటి పేర్లుండేవి. 2018 జులైలో కేంద్రప్రభుత్వం ఆ పరిమితిని 28.5 టన్నులకు పెంచింది. అటుపై వచ్చిన లారీల తలుపులమీద 2818 కనిపించసాగింది. తెలిసినవాడు బండి ఏ కాలానిదో, చట్టం దానికి ఎంత బరువును అనుమతించిందో ఆ నాలుగంకెలను చూసి ఊహించగలడు.

ఇక రూఢాలు. 1954లో టాటావారు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందం చేసుకొని లారీలు తయారు చేయడం ప్రారంభించారు. పదిహేనేళ్ల ఆ ఒప్పందం 1969లో ముగిసింది. బండి ముందుభాగాన ఉన్న మూడు కోణాల నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చింది. అయినా ‘బెంజి లారీ’ అనే మాట వెంటనే పోలేదు. విజయవాడలో చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలిసే కూడలిని నేటికీ బెంజి సర్కిల్ అంటున్నాం. ఆ రహదారుల సంఖ్యలు సైతం 5, 9 నుంచి 16, 65గా మారినాయి. బెంజి పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంతకంటె విచిత్రమైనది ‘డీసీఎం’ చరిత్ర. 1980వ దశకంలో నాలుగు జపాను సంస్థలు భారతీయ సంస్థలతో కలిసి తేలికపాటి లారీలను తయారు చేశాయి. ఐచర్–మిత్సుబిషి, స్వరాజ్–మజ్దా, ఆల్విన్–నిస్సాన్, డీసీఎం–టయోటా అనేవి ఆ నాలుగు జంటలు. వీటిలో ఆల్విన్ మన తెలుగునేలదే. దాని లారీల కర్మాగారం జహీరాబాదులో ఉండేది. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో స్థాపితమైన బట్టల మిల్లు అది. 1990వ దశకంలో టయోటా తప్పుకోగా కొరియాకు చెందిన దేవూ సంస్థ ఆ కర్మాగారంలో ప్రవేశించింది. ఆ తరువాత అదీ మూతపడింది. ఆ లారీల తయారీ ఎన్నడో ఆగిపోయినా, తెలంగాణలో మరీ ఎక్కువగా, ఏ సంస్థ చేసిన మధ్యరకం లారీనైనా ‘డీసీఎం’ అనే అంటారు. పత్రికలలోనూ అదే మాట. ఒక బట్టల మిల్లు పేరు, అది తయారు చేయని లారీలకు పేరుగా నిలిచిందన్నమాట!

దీనినే భాషాశాస్త్రంలో అర్థవ్యాకోచం అంటారు. ‘నూనె’ మొదట నువ్వుల నూనెకే పేరు. నేడు కొబ్బరినుంచి తీసినా నూనెయే. ‘చెంబు’ అంటే రాగి, తరువాత రాగిపాత్ర, నేడు స్టీలు చెంబు అనడానికి ఎవరూ సంకోచించరు. స్టీలు చెంబు తప్పు కానప్పుడు ఐచర్ సంస్థవారి డీసీఎం తప్పెలా అవుతుంది? వాడుకదే ఇక్కడ అధికారం.

2005లో టాటావారు ‘ఏస్’ అనే చిన్న లారీని విడుదల చేశారు. పేకాటలో మనవారు ‘ఆసు’ అని పలికే మాటే ఇది. ఉత్తరాదివారు దానిని ‘ఛోటా హాథీ’ అన్నారు. తమిళులు ‘కుట్టి యానై’ అన్నారు. రెంటికీ అర్థం ఏనుగు గున్న అనే. మనవారు మాత్రం కంపెనీ పేరునే ఉంచుకొన్నారు. ఉపమకు పేరుపడిన సాహిత్యం గల మనకు ఈ ఒక్కచోట ఉపమ తట్టకపోవడం నాకు కొంత వెలితిగా తోస్తుంది.

ఏస్‌కు తరాలు వచ్చాయి. సూపర్ ఏస్, జిప్, మెగా, గోల్డ్ వరుసగా వచ్చి, 2022లో విద్యుత్తుతో నడిచే ఏస్, 2025లో ఏస్ ప్రో వెలువడినాయి. కొత్తది వచ్చేదాకా పాతదానికి ‘పాత’ అనే విశేషణం అక్కరలేదు. గన్నవరం దగ్గర పెద అవుటపల్లి, చిన అవుటపల్లి అని రెండు ఊళ్లున్నాయి. అవుటపల్లి ఒక్కటే అయితే ‘పెద’ అనే మాటతో అవసరమేమి? అలాగే 2022లో స్కార్పియో-ఎన్ అనే కారు వచ్చినప్పుడు, ఇరవై ఏళ్లుగా ఒట్టి స్కార్పియోగా ఉన్నది ‘స్కార్పియో క్లాసిక్’ అయింది. తమ్ముడు పుట్టాకనే కదా ఒకడు అన్న అయ్యేది!

ఈ విశేషణాలు అలంకారాలు కావు. నున్న మామిడి మార్కెట్‌కు కాయలు తోలించదలచిన రైతు ‘ఏస్ పంపండి’ అంటే సరిపోదు. మొదటి ఏస్ మోయగలది ముప్పాతిక టన్ను. మెగా మోసేది టన్ను. పేరులో ఒక మాట తగ్గితే పావు టన్ను కాయలు తోటలోనే మిగిలిపోతాయి, లేదా బండి మీద అదనపు భారమౌతాయి. ఆటోనగర్‌లో విడిభాగాలు అమ్మే దుకాణదారు సైతం బండి పేరుతో ఆగడు. ఏ సంవత్సరపుదని అడుగుతాడు. రిజిస్ట్రేషను సంవత్సరం, తయారైన సంవత్సరం ఒకటి కాకపోవచ్చు కనుక ఛాసిస్ నంబరు చూపమంటాడు. తయారీ కాలాన్ని తెలిపే సంకేతాక్షరాలు అందులో ఉంటాయి.

2020 ఏప్రిల్ 1నుంచి అమలైన కాలుష్య ప్రమాణాలవల్ల డ్రైవర్ల వాడుకలో ‘బీఎస్ ఫోర్ బండి’, ‘బీఎస్ సిక్స్ బండి’ అనే తరభేదం స్థిరపడింది. కొత్త తరపు పెద్ద లారీలలో డీజిల్ ట్యాంకు పక్కన మరొక చిన్న ట్యాంకు ఉంటుంది. పొగలోని విషవాయువులను నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చడానికి వాడే ద్రవం అందులో పోస్తారు. దానిలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, తక్కినది ఖనిజాలు తొలగించిన నీరు. దాని అసలు పేరు పొడవైనది కావడంవల్ల డ్రైవర్లు దానిని ‘యూరియా’ అంటారు.

కృష్ణా డెల్టాలో యూరియా అంటే తెలియనివారు లేరు. అది వరిచేలో చల్లే ఎరువు. ఒకే మాట రెండు వస్తువులను చెప్పేచోట పొరపాటుకు దారి ఏర్పడుతుంది. పొలానికి వాడే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. 2015నుంచి అది తప్పనిసరి. ఆ ఎరువును నీటిలో కలిపి ట్యాంకులో పోస్తే మలినాలు పేరుకొని పొగను శుద్ధిచేసే ఖరీదైన భాగం పాడవుతుంది. ద్రవం సరిగా లేదని గుర్తించిన యంత్రం ఇంజను శక్తిని తానే తగ్గిస్తుంది. కైకలూరు చెరువుల చేపలను మంచుగడ్డలలో పెట్టి ఈశాన్య రాష్ట్రాలకు తీసుకుపోయే లారీకి నడిదారిలో ఆ గతి పడితే మంచు కరుగుతుంది, సరుకు పాడవుతుంది. నానార్థాల విషయంలో సందర్భాన్ని చూడాలని అలంకారికులు చెప్పిన మాట ఇక్కడ డ్రైవరుకూ వర్తిస్తుంది.

అభ్యాసం

1. రూఢ, యౌగిక, యోగరూఢ పదాలకు మీ ఊరి వాహనాల పేర్లనుంచి ఉదాహరణలు సేకరించండి.
2. ‘డీసీఎం’ అనే మాటలో జరిగిన అర్థపరిణామాన్ని ‘నూనె’తో పోల్చి వివరించండి.
3. 2021 జనవరి 21న బెంజి సర్కిల్ వద్ద ప్రారంభమై, 2025 జూన్ 1నుంచి నిలిచిపోయిన ఇంటింటి సరఫరా వాహనాలను ప్రభుత్వం ‘మొబైల్ డిస్పెన్సింగ్ యూనిట్లు’ అన్నది. జనం ‘రేషన్ బండ్లు’ అన్నారు. ఈ రెండు పేర్లలో ఏది అర్థాన్ని స్పష్టంగా చెబుతున్నదో కారణాలతో రాయండి.