చెహ్రా నుండి కెమెరా వరకు: ముఖ గుర్తింపు – ఒక పరిశీలన

"హాజరు" అను మాట మన కళాశాలలో ఉర్దూ తరగతిలోను, తెలుగు తరగతిలోను ఒకే రీతిగా వినబడును. అధ్యాపకుడు పేరు పిలుచును. విద్యార్థి బదులు పలుకును. ఈ చిన్న వ్యవహారములో ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది: పలికినవాడు నిజముగా ఆ పేరు గలవాడేనా? రాని మిత్రుని పక్షమున పలుకు గొంతు ఏ తరగతిలోనైనను ఒకటి ఉండునని అధ్యాపకులకు తెలియని విషయము కాదు. నేడు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు పని మనిషి కంటి నుండి కెమెరా కంటికి మారుచున్నది. ఈ మార్పు వలన కలుగు లాభమేమి, ప్రమాదమేమి, మనము పాటింపవలసిన జాగ్రత్తలేవి అను విషయములను ఈ వ్యాసమున విచారింతము.

పూర్వ చరిత్ర

ముఖమును బట్టి ఉద్యోగిని నిర్ధారించుట కొత్త ఆలోచన కాదు. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ (1296–1316) కాలమున సైనికుల ఆనవాళ్లను వ్రాయు "హులియా", గుర్రములకు ముద్ర వేయు "దాగ్" అను పద్ధతులు అమలులో నుండెను. షేర్ షా (1540–1545) వాటిని పునరుద్ధరించెను. అక్బరు మరల ప్రవేశపెట్టెను. మొగలుల దఫ్తరులలో సైనికుని వివర పట్టికకు "చెహ్రా" అని పేరు. చెహ్రా అనగా ముఖమని ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. పేరు, తండ్రి పేరు, స్వస్థలము, మేని ఛాయ, నుదురు, కనుబొమలు, ముక్కు, మచ్చలు, ఎత్తు మొదలగునవి అందు వ్రాయబడెడివి. లేని సైనికుల పేర జీతము తీయుట, తనిఖీ దినమున అద్దె మనుషులను నిలబెట్టుట అను మోసములను అరికట్టుటయే దాని ప్రయోజనము.

తరువాత వ్రేలిముద్ర వచ్చెను. 1858లో బెంగాలునందు విలియం హెర్షెల్ అను అధికారి ఒక ఒప్పంద పత్రముపై హస్తముద్ర తీసికొనెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయులు ముఖ్యపాత్ర వహించిరి. ఐనను ఆ పద్ధతికి వారి పై అధికారి హెన్రీ పేరే నిలిచినది. వ్రేలిముద్రకు ఒక లోపము కలదు. మదనపల్లెలో మగ్గము నేయు చేతికి, పుంగనూరు పొలములలో కలుపు తీయు చేతికి, కుప్పములో రాతి పని చేయు చేతికి గీతలు అరిగిపోవును. శ్రమించిన చేతినే యంత్రము నిరాకరించుట ఒక విచిత్రమైన అన్యాయము. ముఖ గుర్తింపునకు ఆదరణ పెరుగుటకు ఇదియు ఒక కారణము.

యంత్రము పనిచేయు విధము

1960 దశకములో అమెరికాలో వుడీ బ్లెడ్సో ఫొటోలపై కన్ను, ముక్కు, నోరు మొదలగు బిందువులను మనుషులచే గుర్తింపజేసి, వాటి దూరములను కంప్యూటరుచే పోల్పించెను. 1973లో జపానులో తకియో కనాడే ఆ బిందువులను యంత్రమే కనుగొను విధానమును తన పరిశోధనలో చూపెను. 2014 ప్రాంతమున, లక్షల కొలది ఫొటోల నుండి తానే నేర్చుకొను పద్ధతులు వచ్చిన పిదప ఈ విద్య వేగముగా వృద్ధి చెందినది.

నేటి యంత్రము ముఖమును ఒక అంకెల వరుసగా మార్చును. ముందుగా నమోదు చేసిన వరుసతో ఇప్పటి వరుసను పోల్చి, పోలిక ఒక నిర్ణీత హద్దును దాటినచో "అవును" అనును. దాటనిచో "కాదు" అనును. కావున యంత్రము చెప్పునది పోలిక మాత్రమే, నిజము కాదు. హద్దును పెంచినచో అసలు మనిషి బయట నిలిచిపోవును. తగ్గించినచో నకలు మనిషి లోపలికి వచ్చును. ఆ హద్దును నిర్ణయించువాడు మనిషియే.

ఇచట ఒక ముఖ్యమైన భేదమును గ్రహింపవలెను. "ఇతడు ఫలానావాడేనా?" అని ఒక ముఖమును ఒకే ఫొటోతో పోల్చుట నిర్ధారణ. "ఇతడెవడు?" అని ఒక ముఖమును వేలాది ఫొటోలలో వెదకుట అన్వేషణ. హాజరునకు మొదటిది చాలును. రెండవ దానిలో ఫొటోలు పెరిగిన కొలది పొరపాటునకు అవకాశము పెరుగును.

తెలుగు నాట ఉపయోగము

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు 2022 ఆగస్టు 16 నుండి మొబైలు ఫోను ద్వారా ముఖ హాజరు ప్రవేశపెట్టబడినది. తమ సొంత ఫోనులలో ఆ ఏర్పాటు చేసికొనవలసి వచ్చుటను, సిగ్నలు అందని చోట్ల కలుగు ఇబ్బందిని ఉపాధ్యాయ సంఘములు ఆక్షేపించినవి. 2023 జనవరి నుండి ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులకును ఈ విధానము వర్తింపజేయబడినది. తెలంగాణలో 2020 జనవరి పురపాలక ఎన్నికల సందర్భమున కొంపల్లిలోని కొన్ని పోలింగు కేంద్రములలో ప్రయోగాత్మకముగా ఓటర్ల ముఖములను సరిచూచిరి. పింఛనుదారులు తాము జీవించియున్నట్లు ఇంటి నుండియే ముఖము చూపి ధ్రువపరచు వసతి 2021లో దేశమంతటను కలిగినది. మనకు సమీపమున నున్న బెంగుళూరు విమానాశ్రయములో 2022 డిసెంబరులో డిజి యాత్ర మొదలైనది.

ఈ మేలును కాదనరాదు. నడవలేని వృద్ధుడు ప్రతి సంవత్సరము కార్యాలయపు మెట్లెక్కు బాధ తప్పినది. బదులు సంతకములు తగ్గుటకు మార్గమేర్పడినది.

యంత్రము పొరపడినప్పుడు

ఒక లెక్క వేసి చూతము. 500 మంది పనిచేయు సంస్థలో దినమునకు రెండు పర్యాయములు, నెలకు 25 దినములు ముఖము చూపవలెననుకొందము. నెలకు 25,000 పరీక్షలు. యంత్రము వేయింట ఒక్కసారి మాత్రమే అసలు మనిషిని నిరాకరించిననూ, నెలకు 25 మార్లు నిర్దోషి గైరుహాజరగును. సంస్థకు అది అత్యల్పము. దినకూలి పొందు స్త్రీకి అది ఆనాటి పొయ్యి.

పొరపాట్లు అందరికి సమానముగా పంచబడవు. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 2019లో 189 విధానములను పరీక్షించినది. వాటిలో అనేకము తెల్లవారి ముఖములకంటె ఆసియా, ఆఫ్రికా సంతతివారి ముఖముల విషయమున, ఒకరిని మరియొకరిగా భ్రమించు పొరపాటును 10 నుండి 100 రెట్లు అధికముగా చేసినవి.

అన్వేషణకు సంబంధించిన వివాదము హైదరాబాదులో న్యాయస్థానమునకు చేరినది. 2021 లాక్‌డౌను కాలమున పోలీసులు తన మాస్కు తీయించి ఫొటో తీసిరని చెప్పుచు, ఎస్.క్యూ. మసూద్ అను సామాజిక కార్యకర్త తెలంగాణ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. 2022 జనవరిలో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చెను.

చట్టము

2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో సుప్రీం కోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆంతరంగికత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పార్లమెంటు ఆమోదము పొందినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఐతే ఉద్యోగ ప్రయోజనములకై కొన్ని సందర్భములలో ఉద్యోగి సమ్మతి లేకయే సమాచారమును వాడుకొను వెసులుబాటు ఆ చట్టమున కలదు. కావున ఉద్యోగికి పూర్తి రక్షణ కలుగవలెనన్న ప్రతి సంస్థయు తన నియమములను తానే ఏర్పరచుకొనవలసి యున్నది.

ముగింపు

ఎట్టి సంస్థయైనను, మన కళాశాలయైనను, ఇట్టి యంత్రమును నెలకొల్పదలచినచో నాలుగు విషయములను పాలకవర్గము ముందే నిర్ణయింపవలెను. మొదటిది, హాజరు కొరకు తీసిన ఫొటోను మరి దేనికిని వాడరాదు. చదువు ముగిసిన పిదప తొలగింపవలెను. రెండవది, హాజరు పట్టీ, సంతకము ఎల్లప్పుడు ప్రత్యామ్నాయముగా ఉండవలెను. మూడవది, యంత్రము నిరాకరించినవారి మాటను ఆనాడే విని సరిదిద్దు అధికారి ఒకరు ఉండవలెను. నాలుగవది, ముసుగు ధరించు సోదరీమణులకు మహిళా అధికారి సమక్షమున, వారి గౌరవమునకు భంగము లేని ఏర్పాటు చేయవలెను.

విద్యార్థి మిత్రులారా! తాళము చెవి పోయినచో మరియొకటి చేయించుకొనవచ్చును, ముఖమును మార్చుకొనలేము. చెహ్రా పట్టీని సరిచూచిన నాటి ఉద్యోగితో సైనికుడు "అయ్యా, ఈ గాయము మొన్నటి యుద్ధములోనిది" అని చెప్పుకొనగలిగెడివాడు. కెమెరాతో అట్లు చెప్పుకొనుటకు వీలులేదు. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు, గుమస్తాలు, ఇంజనీర్లు కాగలరు. యంత్రము "కాదు" అనిన మనిషి మీ బల్ల ముందు నిలిచినప్పుడు, తెరను కాక అతని ముఖమును చూచి, అతని మాట వినుడు.