అరికాల్లో నల్లమచ్చ పెరుగుతోందా? అశ్రద్ధ చేయకండి

సార్వా ఊడ్పులు మొదలు దాళ్వా కోతల దాకా డెల్టా రైతు కాలు తడిలోనే ఉంటుంది. ముల్లు గుచ్చుకుంటుంది, పార తగులుతుంది, వేళ్ల సందులు ఒరుస్తాయి. అందుకే అరికాల్లో నల్లమచ్చ కనబడినా "ముల్లు దిగి ఉంటుందిలే", "ఆనికాయేలే" అని ఊరుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ నొప్పి లేకుండా నెలనెలా పెరిగే మచ్చ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు.

మెలనోమా అంటే ఏమిటి?

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరగడమే మెలనోమా. ఇది అంటువ్యాధి కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3,25,000 మందికి ఈ జబ్బు వచ్చింది. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో తెల్లని చర్మం గలవారికి ఎండ వల్ల ఎక్కువగా వస్తుంది. మనవంటి నలుపు, చామనచాయ వారికి అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎండ అంతగా తగలని అరికాలు, అరచెయ్యి, గోరు కింద ఎక్కువగా కనిపిస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద ఈ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అది బంతాటలో తగిలిన దెబ్బేనని మొదట అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

ఎలా గుర్తుపట్టాలి?

1. మచ్చ ఒక సగం ఒకలా, రెండో సగం మరోలా ఉండటం.
2. అంచులు వంకరటింకరగా ఉండటం.
3. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు వంటి రంగులు కలిసి ఉండటం.
4. 6 మిల్లీమీటర్లు, అంటే సుమారు కందిగింజంత కన్నా పెద్దదవడం.
5. పెరగడం, ఉబ్బడం, రసి లేదా రక్తం కారడం.

గోరుకు దెబ్బ తగిలి రక్తం కమిలితే ఆ నలుపు గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. అలా జరగక చారలా వెడల్పవుతున్నా, గోరు చుట్టూ చర్మానికి పాకినా అనుమానించాలి. కొన్నిసార్లు నలుపే ఉండదు, ఎర్రని కండలా పెరుగుతుంది. నెల దాటినా మానని పుండు ఏదైనా డాక్టరుకు చూపించాల్సిందే.

ఆలస్యం ఎందుకు ప్రమాదం?

సుడిదోమను చేలో ఒక మూల చిన్న చుట్టుగా ఉన్నప్పుడే చూసుకుంటే చేను దక్కుతుంది. ఇదీ అంతే. మచ్చ మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే, చుట్టూ ఒక సెంటీమీటరు మంచి చర్మంతో సహా కోసి తీసేస్తారు. ఎక్కువ మందికి అంతటితో నయమవుతుంది. లోతుకు దిగితే గజ్జల్లో బిళ్లలు కడతాయి. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకుతుంది. అప్పుడు వైద్యం కష్టం, ఖర్చూ ఎక్కువ.

చేయకూడనివి

బ్లేడుతో చెక్కడం, సూదితో పొడవడం, యాసిడ్ గాని జీడి గాని పెట్టి కాల్చడం వద్దు. పసరు కట్లు, ఆయింట్‌మెంట్లతో నెలలు గడపవద్దు. మచ్చ పైకి మానినట్లున్నా లోపల జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

ఎక్కడ చూపించుకోవాలి?

ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అక్కడి నుంచి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లండి. ముక్క పరీక్ష చేస్తేనే జబ్బు నిర్ధారణ అవుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. బియ్యం కార్డు, ఆధార్ తీసుకెళ్లి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

నెలకొకసారి కాళ్లు శుభ్రంగా కడుక్కుని, వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు చూసుకోండి. అరికాలు ఎవరికి వారికి సరిగా కనిపించదు కాబట్టి ఇంట్లో ఒకరివి ఒకరు చూడాలి. ఊడ్పులకు, కలుపులకు వెళ్లే ఆడవారి కాళ్లు, పెద్దవాళ్ల కాళ్లు మరిచిపోవద్దు.